నీలం తొడుగు

ఉదయం ఎనిమిది నలభైకి టైలరమ్మ తన కుట్టుమిషను మీదికి ఒరిగిపోయింది. పాదం ఇంకా పెడలు మీదే ఉంది. పక్క మిషను దగ్గర కూర్చున్న చెల్లెలు, అక్క కునికిపాటు పడిందనుకుని మొదట నవ్వింది. తర్వాత భుజం పట్టి లేపితే ఒళ్లంతా చెమట. పళ్లు బిగుసుకుపోయాయి. ఆసుపత్రిలో రక్తం తీసి చూస్తే, ఎనభైకి పైన ఉండాల్సిన చక్కెర ఇరవై ఆరుకి పడిపోయి ఉంది. స్పృహ లేదు.

ఆ పొద్దున ఆరుంపావుకి ఆమెకు ఇన్సులిన్ సూది వేశారు. వేసింది వీధి చివర ఉచిత ఆరోగ్యకేంద్రంలో నర్సు.

పదకొండున్నరకి డిటెక్టివ్ ఆ కేంద్రం మెట్లెక్కింది. ముందు గదిలో నర్సు స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆమె ఎదురుగా ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. డాక్టరు తన బల్ల వెనక కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"వచ్చారా మేడం! పొద్దుట్నుంచీ అనుకుంటూనే ఉన్నాం స్టేషన్లో, కందిరీగ ఇంకా వాలలేదేమిటా అని."

"పుల్ల పెట్టి కదిపింది మీరేగా. రాక చస్తానా?"

స్టేషన్లో తనకా పేరుందని డిటెక్టివ్‌కి తెలుసు. మొహం మీదే అనడం ఇన్‌స్పెక్టరు ఒక్కడికే అలవాటు. గత మూడు కేసుల్లో రెండు ఆమె తేల్చింది, ఒకటి అతను. ఆ ఒకటి గురించి అతను ఇప్పటికీ పెళ్లిళ్లలో చెబుతుంటాడు.

ఈసారి ఆమెను పిలిచింది కేంద్రాన్ని నడిపే ఫౌండేషన్ అధ్యక్షురాలు. ఫోన్లో ఆవిడ ఎక్కువ మాట్లాడలేదు. "మూడింటికి నేనక్కడికి వస్తున్నాను. పేట జనంతో కూర్చుని మాట్లాడాలని నెల కిందటే అనుకున్నాం. ఆలోగా నాకు నిజం కావాలి. మా కొంప ముంచేదైనా సరే."

ఆ పేటలో ఫ్రిజ్ ఉన్న ఇళ్లు తక్కువ. ఇన్సులిన్ చల్లగా లేకపోతే పాడవుతుంది. ఎనిమిదేళ్ల కిందట ఫౌండేషన్ వాళ్లు ఒక గది తీసుకుని, ఒక ఫ్రిజ్ పెట్టి, ఎవరి సీసా వాళ్లకి అందులో దాచి, రెండు పూటలా నర్సు చేత వేయించడం మొదలుపెట్టారు. అంతకుముందు ఆ వీధుల్లో ఏటా ఎవరికో ఒకరికి కాలో వేలో తీసేసేవాళ్లు. తర్వాత ఆ మాట వినపడలేదు, ఈ ఎండాకాలం దాకా.

"కేసు నల్లేరు మీద నడక మేడం. మీరు కూర్చోనక్కర్లేదు కూడా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. బల్ల మీద ఒక పళ్లెంలో ఇన్సులిన్ సీసా, ఎర్రమూత సిరంజి, నీలం రంగు గుడ్డతొడుగు ఉన్నాయి. సీసాని జేబురుమాలుతో పట్టుకుని తిప్పి చూపించాడు. "ఈ కేంద్రంలో వాడేది నలభై బలం మందు. దానికి ఎర్రమూత సిరంజి. పది రోజుల కిందట ఎవరో దాత నూరు బలం మందు ఒక పెట్టెడు పంపాడు. దానికి నారింజమూత సిరంజి కావాలి. అవి ఇంకా రాలేదు. పొద్దున రద్దీలో ఈ సూదమ్మగారు నూరు సీసాలోంచి ఎర్రమూత సిరంజితో లాగి వేసేసింది. ఇరవై యూనిట్లు పడాల్సిన చోట యాభై పడింది. అదీ సంగతి."

సూదమ్మ అనేది పేటలో వాళ్లు నర్సుకు పెట్టుకున్న పేరు. ప్రేమగా పెట్టుకున్నదే. ఇన్‌స్పెక్టరు నోట అలా వినిపించలేదు.

"పన్నెండున్నరకి ఈవిణ్ణి తీసుకెళ్తున్నా. ఫ్రిజ్‌కి సీలు వేస్తున్నా."

"సాయంత్రం ముప్పై మంది వస్తారు సూదికి."

"నేను పోలీసుని మేడం, కాంపౌండర్ని కాదు."

"నూరు పెట్టెలో ఎన్ని సీసాలుండాలి?"

"పది. ఎనిమిదున్నాయి. ఒకటి ఇదిగో, ఈ తొడుగులోనే దొరికింది. ఇంకోటి దారిలోనే పగిలిపోయిందట, డాక్టరుగారు చెప్పారు. ఇంకేమన్నా లెక్కలు చూస్తారా?"

డాక్టరు కళ్లద్దాలు పెట్టుకున్నాడు. పెద్దాసుపత్రిలో పాతికేళ్లు ఆపరేషన్లు చేసి, రిటైరయ్యాక ఈ కేంద్రం పెట్టించినవాడు. ఆయన మాటకు పేటలో తిరుగులేదు.

"ఆవిడ మంచి మనిషండీ," అన్నాడు. "ముప్పై మందికి ఒక్కత్తే చూసుకుంటోంది. ఇంకొకర్ని పెట్టమని నేనే గట్టిగా అడగాల్సింది. తప్పు నాది కూడా."

నర్సు తలెత్తి ఆయన వైపు చూసింది. కళ్లనిండా నీళ్లు. తన తరపున ఒక్కరైనా మాట్లాడినందుకు వచ్చిన నీళ్లవి.

డిటెక్టివ్ ఇంకో స్టూలు లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది.

"మీరు నూరు పెట్టె తెరిచారా?"

"లేదు మేడం. వచ్చిన రోజే కింద అరలో పెట్టి, చుట్టూ ప్లాస్టరు అంటించాను, ఎవరూ ముట్టుకోకుండా. ఇవాళ పొద్దున ఇన్‌స్పెక్టరుగారు చూసేసరికి ప్లాస్టరు లేదు. నేను తీసినట్టు నాకు గుర్తులేదు. కానీ మేడం..." ఆగింది. "సూది గుచ్చింది నా చెయ్యే కదా. ఎవరేం చెప్పినా అది మారదు."

"లేబుల్ చూళ్లేదా?"

"కనపడదు. తొడుగు ఉంటుంది."

ఆ తొడుగుల సంగతి నర్సే చెప్పింది. వచ్చేవాళ్లలో సగం మందికి చదువు రాదు. సీసాలు అన్నీ ఒకేలా ఉంటాయి. మొదట్లో నంబర్లు రాస్తే చెమ్మకి చెరిగిపోయేవి. అప్పుడు టైలరమ్మ తన దగ్గర మిగిలిన గుడ్డముక్కలతో మనిషికో తొడుగు కుట్టింది. తనది నీలం, ఒకరిది పూలది, ఒకరిది చారలది. సీసాని అడుగు నుంచి దూర్చి, తాడు లాగి ముడేస్తారు. పైన రబ్బరు మూత ఒక్కటే బయటికి కనిపిస్తుంది. చిరిగితే బాగుచెయ్యడానికి ఒక బిస్కెట్ డబ్బాలో దారాలు, సూదులు పెట్టి డబ్బాని ఇక్కడే బీరువాలో ఉంచింది. ఎవరి రంగు వాళ్లు చూసుకుని "అదిగో నాది" అంటారు. ముసలివాళ్లయితే తమ తొడుగు పక్కవాళ్లకి ఇచ్చారని దెబ్బలాడుకుంటారు కూడా.

"లేబుల్ ఎప్పుడు చూస్తారు మరి?"

"కొత్త సీసా దూర్చేటప్పుడు. టైలరమ్మకి శనివారం వేశాను, నలభైదే. ఇంకా సగానికి పైగా ఉండాలి."

"వింటున్నారా?" డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు వైపు తిరిగింది. "సగం సీసా మిగిలుండగా ఈవిడ కొత్తది ఎందుకు తీస్తుంది?"

"చెయ్యి జారి పగిలుంటుంది. భయపడి చేతికందింది దూర్చేసుంటుంది."

"అయితే గాజుపెంకులేవీ?"

"ఊడ్చి పారేసుంటుంది. మీరు కథలు బాగా అల్లుతారు మేడం, కాదనను. నాకు కోర్టులో నిలబడేది కావాలి."

"అయితే ఒకటి నిలబెడతాను." ఆమె లేచింది. "సూదమ్మగారూ, నూరు పెట్టెలోంచి ఒక సీసా తియ్యండి. ఖాళీ తొడుగు ఏదన్నా ఉందా?"

పూల తొడుగు ఒకటి ఉంది. దాని యజమానురాలు ఊరెళ్లింది. నర్సు కొత్త సీసా తీసుకుని తొడుగులో దూర్చబోయింది. సగం దాకా వెళ్లి ఆగిపోయింది. బొటనవేలితో నెట్టింది. తిప్పి నెట్టింది. సీసా భుజం దగ్గర లావు. తొడుగేమో పాత సీసా కొలతకి బిగువుగా కుట్టింది.

"ఇంకా గట్టిగా నెట్టండి."

"గుడ్డ చిరుగుతుంది మేడం."

"రద్దీలో, ముప్పై మంది వరసలో నిలబడుంటే, చేతికందింది దూర్చేసిందన్నారు," అంది డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరుతో. "మీరు దూర్చండి చూద్దాం."

ఇన్‌స్పెక్టరు తీసుకున్నాడు. రెండుసార్లు ప్రయత్నించాడు. మూలన నిలబడ్డ కానిస్టేబులు తల తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు. ఇన్‌స్పెక్టరు సీసాని పళ్లెంలో పెట్టేశాడు.

"మరి నీలం తొడుగులోకి ఎలా వెళ్లింది?"

"అదే నా ప్రశ్న."

ఆమె నీలం తొడుగును కిటికీ వెలుగులో తిప్పి చూసింది. పక్క కుట్టు అడుగు దాకా మిషనుదే. నడుమ వేలి కణుపంత మేర మాత్రం చేత్తో కుట్టారు. కుట్టు విప్పి, గుడ్డ అంచు దాకా వదులు చేసి, మళ్లీ కుట్టారు. దారం కూడా నీలమే. దూరం నుంచి తేడా తెలియదు. దగ్గరగా చూస్తే నాలుగు కుట్లు. ఆమె కాసేపు వాటిని చూసి, ఎందుకో తన ఎడమ చేతి చొక్కా మడత పైకి లాగింది. మళ్లీ దించేసింది.

అప్పుడే బయట మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది. టైలరమ్మ చెల్లెలు ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చింది. గడప దాటుతూనే నర్సు మీదికి వెళ్లింది.

"సూది వేశావా, విషం వేశావా? మా అక్క నీకేం చేసింది? నీ కూతురి జాకెట్లు ఊరికే కుట్టిపెట్టిందే! ఒక్కనాడు కూలి అడిగిందా?"

కానిస్టేబులు అడ్డం వచ్చాడు. డిటెక్టివ్ ఆ అమ్మాయి భుజం మీద చెయ్యి వేసి పక్క గదిలోకి తీసుకెళ్లింది. అది కట్లు కట్టే గది. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్క ఎలా ఉంది?"

"చక్కెర ఎక్కిస్తున్నారు. ఎనభైకి వచ్చిందంట. కళ్లు తెరవలేదు."

"తెరుస్తుంది. ఇదొకటి చూడమ్మా. ఇది మీ అక్క కుట్టేనా?"

అమ్మాయి కళ్లు తుడుచుకుని తొడుగు తీసుకుంది. వేలితో తడిమింది. ఏడుపు మధ్యలో ముక్కు చిట్లించింది.

"ఇదా? మా అక్క చూస్తే పడీపడీ నవ్వుతుంది. కుట్టుకి కుట్టుకి ముడేసి తెంపుతారా ఎవరన్నా? దారం దండగ. మేమైతే ఒకటే దారం మొదట్నుంచి చివరిదాకా లాగి, ఆఖర్న ముడేస్తాం. ఇది నేర్చుకున్నవాళ్లు కుట్టింది కాదు. అట్లాగని రానివాళ్లు కుట్టిందీ కాదు. చూడండి, నాలుగూ ఒకే ఎడంలో ఉన్నాయి."

"ఇవాళ మూడింటి మీటింగులో మీ అక్క ఏం మాట్లాడాలనుకుంది?"

అమ్మాయి తలుపు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"ఎండాకాలంలో ఈ ఫ్రిజ్ రెండ్రోజులు ఆగిపోయింది. సూదమ్మగారు అప్పుడు లేరు, వాళ్ల అమ్మకి బాగాలేదని సెలవు పెట్టి వెళ్లారు. ఫ్రిజ్ ఆగిందని మాకెవరూ చెప్పలేదు. కానీ మా అక్క తొడుగులు బాగుచెయ్యడానికి వచ్చి చూస్తే, చారల తొడుగు రంగు దిగి పక్కవాటికంతా అంటుకుంది. ఐసు కరిగితేనే కదండీ అంత తడిచేది? ఆ మందే అందరికీ వేశారు. మా వీధి వడ్రంగి బాబాయికి పుండు పడి, కాలు తీసేసింది ఆ తర్వాతే. ఆయన మిఠాయిలు తిన్నాడనీ, మాట వినడనీ అన్నారు. పాపం, ఆయన మిఠాయి మొహం చూసి ఎన్నాళ్లయిందో."

"అక్క ఈ సంగతి ముందు ఎవరితోనన్నా అందా?"

"మొన్న డాక్టరుగారితోనే అంది. వెనకాల మాట్లాడటం మా అక్కకి చేతకాదు. 'మీరే చెప్పండి సార్, మీరు చెబితే గౌరవంగా ఉంటుంది, లేకపోతే నేను చెప్తాను' అంది."

తలుపు దగ్గర ఇన్‌స్పెక్టరు కాళ్లు మార్చి నిలబడ్డాడు.

డిటెక్టివ్ ఆ గదిని చూసింది. ఒక ఎత్తు బల్ల ఉంది, దాని మీద రెగ్జిను. ఒక దీపం. పరికరాల పళ్లెం. చెత్తబుట్ట ఖాళీగా ఉంది. ఆమె మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి చూసింది. గోడకీ బల్ల కాలికీ మధ్య దారం ముక్కలున్నాయి. గోటి వెడల్పు కూడా లేవు. ఒక్కొక్కటీ రెండు వైపులా కత్తిరించినవి. చిమటాతో ఒక్కొక్కటి ఏరి తెల్లకాగితం మీద పెట్టింది. కొన్ని నీలం. కొన్ని ఆకుపచ్చ.

"సూదమ్మగారూ! ఈ గది నిన్న ఊడ్చారా?"

"ఏడింటికి ఊడ్చి, బుట్ట ఖాళీ చేసి, తాళం వేసుకుని వెళ్లాను మేడం." జవాబు ముందు గదిలోంచే వచ్చింది.

"తాళాలు ఎవరెవరి దగ్గరున్నాయి?"

"నా దగ్గరొకటి. డాక్టరుగారి దగ్గరొకటి."

"నేను నిన్న ఐదింటికి వెళ్లిపోయానండీ," అన్నాడు డాక్టరు, అడక్కుండానే. "మళ్లీ ఈ వార్త విన్నాకే రావడం. నా తాళం ఇంట్లో మేకుకి వేలాడుతూ ఉంటుంది. ఎవరైనా తీసుకుని ఉండొచ్చు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు బోలెడుమంది."

"అవునవును," అంది డిటెక్టివ్.

పన్నెండుంపావు అయింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకున్నాడు. ఆమెను కిటికీ దగ్గరికి పిలిచాడు.

"మేడం, మీరు ఎటు పోతున్నారో నాకు తెలుస్తోంది. వద్దు. ఆయన ఈ ఊళ్లో సగం మందికి కడుపు కోసి కుట్టాడు, అందులో మా అమ్మ కూడా ఉంది. దారం ముక్కలు చూపించి ఆయన మీద చెయ్యి వేస్తే నా ఉద్యోగం పోతుంది, మీకు పోయేదేమీ లేదు. ఫ్రిజ్ ఆగిందనేది ఒక అనుమానం. తాళం రెండోది ఉందనేది ఒక అనుమానం. సూది వేసింది మాత్రం నిజం. నేను నిజం పట్టుకుని నడుస్తాను."

"మీ అమ్మగారికి కుట్లు ఎన్ని పడ్డాయి?"

"అదెందుకు?"

"గుర్తుందా లేదా?"

"పదకొండు. రోజూ లెక్కపెట్టి చూపించేది వచ్చినవాళ్లందరికీ."

"అన్నీ విడివిడిగా కనిపించేవా?"

ఇన్‌స్పెక్టరు తల తిప్పి డాక్టరు చేతుల వైపు చూశాడు.

"పది నిమిషాలు ఇవ్వండి," అంది డిటెక్టివ్. "ఆ తర్వాత మీ ఇష్టం. నేనే ఆవిణ్ణి జీపెక్కిస్తాను."

"పదే."

కానిస్టేబులు అప్పటికే సిరంజిని గుడ్డలో చుట్టి, సీలు వేయడానికి దబ్బనంతో, మందపాటి దారంతో కుడుతున్నాడు. మూడో కుట్టుకే వేలు గుచ్చుకుంది. "అబ్బా" అని నోట్లో పెట్టుకున్నాడు.

"పాపం, వదిలెయ్యవయ్యా," అంది డిటెక్టివ్. "పక్కనే అంత పెద్ద చెయ్యి పెట్టుకుని నీకెందుకీ తిప్పలు? డాక్టరుగారూ, ఏమీ అనుకోకపోతే ఈ గుడ్డకి నాలుగు కుట్లు వేసిపెట్టరూ? ఇతను కుడితే సాయంత్రమవుతుంది. ఈయనకేమో తొందర."

డాక్టరు చిన్నగా నవ్వాడు. "గోనెలు కుట్టే పని కూడా చేయిస్తున్నారన్నమాట."

"చెయ్యి తిరిగినవాళ్లకి ఏదైనా ఒకటేగా."

ఆయన దబ్బనం తీసుకున్నాడు. గుడ్డ అంచులు రెండూ కలిపి పట్టుకున్నాడు. ఒకసారి గుచ్చి దారం లాగాడు. మొదటి మెలిక రెండుసార్లు తిప్పి బిగించాడు. దాని మీద ఇంకో ముడి వేశాడు. కత్తెర కోసం చూడకుండానే కుడిచెయ్యి చాచాడు. ఎన్నో ఏళ్లుగా ఎవరో ఒకరు ఆ చేతికి కత్తెర అందిస్తూ వచ్చారు. ఈసారి అందించింది డిటెక్టివ్. ఆయన దారం తెంపాడు. వేలు వెడల్పు వదిలి మళ్లీ గుచ్చాడు. రెండు తిప్పి బిగించాడు. ముడి వేశాడు. తెంపాడు.

నాలుగో కుట్టు అయ్యాక ఆయన గుడ్డ ఆమె వైపు జరిపాడు. డిటెక్టివ్ దాని పక్కనే నీలం తొడుగు పెట్టింది. తన ఎడమ చేతి చొక్కా మోచేతి దాకా మడిచి, ఆ చేతిని కూడా బల్ల మీద ఆనించింది. ముంజేతి మీద పాత మచ్చ ఉంది. అడ్డంగా ఏడు గీతలు. ఒక్కొక్కటీ విడిగా.

"నాలుగేళ్ల కిందట గాజు తలుపు తగిలింది నాకు. కుట్టేటప్పుడు చూడొద్దన్నారు. చూశాను. ఆ కుట్టిన డాక్టరు కూడా ఇలాగే, కుట్టుకో ముడి, ముడికో కత్తెర. ఎందుకలా అనడిగాను. 'ఒకటి ఊడినా మిగతావి పట్టుకుని ఉంటాయి' అన్నాడు. గుడ్డ కుట్టేవాళ్లకి ఆ భయం లేదు."

ఇన్‌స్పెక్టరు వంగి రెండు గుడ్డలనూ చూశాడు. వేలితో ముళ్లు తడిమాడు. తొడుగు మీదివి సన్నవి, మూటమీదివి లావువి. మొదటి మెలికలో రెండేసి చుట్లు రెండు చోట్లా ఉన్నాయి.

"ఏ సర్జనైనా ఇలాగే వేస్తాడు," అన్నాడు డాక్టరు. గొంతు మారలేదు.

"నిజమే సార్," అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "మా అమ్మ పొట్ట మీద కూడా ఇలాగే ఉన్నాయి. కానీ ఈ కేంద్రం తాళం ఏ సర్జను దగ్గరైనా ఉండదు కదా."

డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండు ఇరవై ఎనిమిది. తల దించుకున్నాడు. మళ్లీ చూశాడు.

రెండోసారి చూడటం డిటెక్టివ్ కంటపడింది. ఆమె కాగితం మీద ఏరిపెట్టిన దారం ముక్కలు తీసింది. నీలం ఒక పక్కకి, ఆకుపచ్చ ఒక పక్కకి జరిపింది.

"పదికి ఎనిమిది," అంది. "డాక్టరుగారూ, దారిలో పగిలిన ఆ రెండో సీసా ఎవరు చూశారు?"

ఆయన కళ్లద్దాలు సరిచేసుకున్నాడు.

"ఒక్కరు పడిపోతే అనుమానం. ఇద్దరు పడిపోతే నర్సు అజాగ్రత్త. అంతేనా?" ఆమె గిర్రున తిరిగింది. "సూదమ్మగారూ, ఆకుపచ్చ తొడుగు ఎవరిది?"

నర్సు అప్పటికే లేచింది. ఫ్రిజ్ తెరిచింది. పై అరలో కుడి చివర గూడు ఖాళీగా ఉంది.

"బస్సు డ్రైవరుది. రాత్రి ఆఖరి ట్రిప్పు దాకా ఆయనే నడుపుతాడు. పొద్దెక్కి లేస్తాడు, మొదటి సూది ఒంటిగంట భోజనానికి ముందు, ఆఖరి స్టాపులో. అందుకని పొద్దున ఏడింటికి వాళ్లావిడ వచ్చి సీసాని ఐసు ఫ్లాస్కులో పెట్టి పట్టుకెళ్తుంది. నేనే ఇచ్చాను మేడం. రంగు చూశాను, ఇచ్చాను. కుట్టు చూడలేదు."

ఆమె ఫోను వెతుక్కోవడంలో తడబడలేదు. డ్రైవరు ఫోను మోగలేదు. బండి నడిపేటప్పుడు ఆపేస్తాడు. వాళ్లావిడకి చేసింది. "ఫ్లాస్కు ఇచ్చేశానండీ, పదకొండింటికే పట్టుకుని డ్యూటీకెళ్లాడు. ఏమైంది సూదమ్మా? ఏమైంది?" నర్సు ఏమీ కాలేదంది. డిపోకి ఇన్‌స్పెక్టరు చేశాడు. బండి దారిలో ఉంది. పన్నెండు యాభై అయిదుకి ఆఖరి స్టాపు చేరుతుంది. డ్రైవరుకి కబురందించే వీలు లేదు.

"ఎంత పడుతుంది ఆయనకి?" అడిగింది డిటెక్టివ్.

"ఇరవై నాలుగు," అంది నర్సు. "నూరు సీసాలోంచి తీస్తే అరవై. తిన్నాక మళ్లీ బండి తీస్తాడు మేడం. బస్సునిండా జనం ఉంటారు."

ఇన్‌స్పెక్టరు టోపీ పెట్టుకున్నాడు. కానిస్టేబులుకి డాక్టరుని చూపించి, "కదలనివ్వకు" అన్నాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"సూదమ్మగారూ, రండి. ముందు సీట్లో కూర్చోండి. ఆ సీసా గుర్తుపట్టేది మీరే."

నర్సు పంచదార డబ్బా చంకన పెట్టుకుని పరిగెత్తింది. టైలరమ్మ చెల్లెలు పక్కకి జరిగి దారిచ్చింది. నర్సు జడలోంచి జారిన రబ్బరుబ్యాండు తీసి చేతికిచ్చింది.

జీపు వెళ్లేసరికి పన్నెండు ముప్పై నాలుగు.

డిటెక్టివ్ స్టూలు మీద కూర్చుంది. డాక్టరు తన బల్ల వెనకే ఉన్నాడు. కానిస్టేబులు ఆయన పక్కన నిలబడ్డాడు. పన్నెండు నలభై ఎనిమిదికి ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. చెల్లెలు ఎత్తింది. విని, గోడకి చేరగిలబడింది.

"కళ్లు తెరిచిందంట. మిషను ఆపారా, దారం చిక్కుపడుతుంది అందంట."

డాక్టరు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఎనిమిదేళ్లు," అన్నాడు. "ఈ గది నేను అడుక్కుని తెచ్చాను. ఆ ఫ్రిజ్ నేను అడుక్కుని తెచ్చాను. రెండ్రోజులు కరెంటు ఆగిన సంగతి బయటికి పొక్కితే ఫౌండేషన్ వాళ్లు మర్నాడే తాళం వేసేవాళ్లు. ముప్పై మంది ఎక్కడికి పోతారు?"

"ఫౌండేషన్ వాళ్లని అడిగారా?"

"అడిగితే మూసేస్తారని చెప్తున్నానుగా."

"అడగలేదన్నమాట," అంది డిటెక్టివ్. "అధ్యక్షురాలు నాకు పొద్దున ఫోను చేసింది. కొంప మునిగినా సరే, నిజం చెప్పమంది. ఆవిడ మూడింటికి వస్తోంది. ఇప్పుడు చెప్పుకోండి. వడ్రంగిని కూడా పిలిపిస్తాను."

ఆయన మళ్లీ గడియారం చూశాడు. పన్నెండు యాభై ఆరు. తర్వాత ఒకటి. చెల్లెలు తన పైటకొంగు అంచు మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

ఒకటీ నాలుగుకి డిటెక్టివ్ ఫోను మోగింది. వెనకాల బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. నర్సుకి ఊపిరి అందడం లేదు.

"మేడం, సీసా నా చేతిలో ఉంది."

"ఆయన?"

"ఇక్కడే ఉన్నాడు. నన్ను తిడుతున్నాడు, అన్నం ముందు ఈ గోలేంటని. సిరంజి ఎక్కించి సీటు మీద పెట్టుకున్నాడు. గుచ్చుకోలేదు. చొక్కా గుండీ విప్పుతుంటే లాక్కున్నాను."

"తొడుగు చూశారా?"

"చూస్తున్నాను. ఆకుపచ్చ. పక్కన నాలుగు కుట్లు."

"ముడి?"

"కుట్టుకొకటి, మేడం."